టోపీ విసిరిన బావకు

బాలిక్రీన్,
మే నెల, వాన వదలని మంగళవారం.

టోపీ విసిరిన బావకు,

నీ టోపీ ఇక్కడ క్షేమం. అక్కడ నీ బట్టతల కూడా క్షేమమని తలుస్తాను.

మొన్న ఆదివారం అది నా చెవి పక్కనుంచి వెళ్ళి మైదానం మధ్యలో పడింది. ఆట అయ్యాక జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. మీ చెల్లెలు ఎత్నా ఉతికి పొయ్యి పక్కన ఆరేసింది. దాని అంచు నిండా పంటిగాట్లు ఉన్నాయేమిటి? నువ్వు అద్దెకుంటున్న ఇంటావిడ తిండి పెట్టడం లేదా?

జిల్లా ఆటల బోర్డు వాళ్ళ కాగితం నీకూ అందే ఉంటుంది. రిఫరీ మీద టోపీ విసిరిన కోచ్ ఆ రిఫరీకి క్షమాపణ రాసి ఇవ్వాలట. అది తృప్తిగా ఉందని రిఫరీ సంతకం చేస్తే ఒక్క మ్యాచ్ నిషేధంతో పోతుంది. లేకపోతే ఈ ఏడాదంతా నువ్వు కోచ్‌లు నిలబడే గీత దగ్గరికి రావడానికి వీల్లేదు. అంటే బావా, చర్చిలో తప్ప ఎక్కడా తల వంచని నువ్వు ఇప్పుడు నాకు వంచాలి. ఆ ఉత్తరం కోసం పోస్టుమాన్ సైకిల్ చప్పుడు వినిపిస్తే చాలు, గేటు దాకా పరుగెత్తుతున్నాను.

నీ కోపం నాకు అర్థం కాలేదనుకోకు. ఆఖరి నిమిషం, నాక్‌బేగ్‌తో ఒక్క పాయింట్ తేడా. మీ కిల్‌మోరన్ వాడు కొట్టిన బంతి గోల్ గుంజ పైనుంచి పోయింది. లోపలి వైపు పోతే తెల్లజెండా, అంటే పాయింట్, ఆట సమం. బయటి వైపు పోతే చేతులు ఊపడం, మీరు ఓడినట్టు. గుంజ దగ్గర నిలబడ్డ అంపైర్ చేతులు ఊపాడు. ఆ అంపైర్ మీ నాన్న. కన్నతండ్రి మీద విసరలేక నా మీద విసిరావు. అది నాకు గౌరవమే అనుకో.

ఒక్క మాట మాత్రం మెచ్చుకోవాలి. 'ఇవాళ ఒక్క కేక వేసినా బయటికి పంపిస్తా' అని ఆట మొదలు కాకముందే నీకు చెప్పాను, నువ్వు సరేనని మాటిచ్చావు. ఆ చివరి నిమిషం వరకూ నువ్వు నోరు విప్పలేదు. నీకు ఒంట్లో బాగాలేదేమోనని ఎత్నా కంగారు పడింది.

ఫోన్ మాత్రం చెయ్యకు. మన ఫోను వంటింట్లో మామయ్య కుర్చీ పక్కనే ఉంది. ఉత్తరాలైతే భయం లేదు.

నీ క్షమాపణకై ఎదురుచూస్తూ,
ఫిన్టన్

*

కిల్‌మోరన్,
శుక్రవారం, బడి వదిలాక.

ఇల్లరికపు అల్లుడు గారికి,

ముందు నా క్షమాపణ తీసుకో.

'గౌరవనీయులైన రిఫరీ గారికి, నేను విసిరిన టోపీ మీకు తగలనందుకు మనఃపూర్వకంగా చింతిస్తున్నాను. ఇకముందు గురి మెరుగుపరుచుకుంటానని హామీ ఇస్తున్నాను. ఇట్లు, కోల్మన్ హాకెట్.'

సంతకం చేసి బోర్డుకి పంపించు.

పంటిగాట్ల సంగతి అడిగావు. ఆట ఉన్నంతసేపూ ఆ టోపీ నోట్లో కుక్కుకుని నిలబడ్డాను బావా. నీ మాట దక్కించడానికి. నావాళ్ళు పాయింట్ కొట్టిన ప్రతిసారీ కేక గొంతు దాకా వచ్చి, ఆ గుడ్డ దగ్గర ఆగిపోయింది. ఆఖరి బంతి లోపలే పోయింది. నేను నిలబడ్డచోటు నుంచి గుంజా బంతీ రెండూ స్పష్టంగా కనిపించాయి. అప్పుడు కూడా అరవలేదు. తెల్లజెండా లేస్తుందని చూస్తున్నాను. లేవలేదు. నాన్న చేతులు ఊపాడు, నువ్వు నీ ఈల ఊదావు. అంత బుద్ధిగా ఉన్నందుకు నాకు దక్కింది అది.

నాన్నని నేను ఏమీ అనను. ముప్పై ఏళ్ళుగా ఆ గుంజ దగ్గర నిలబడ్డ మనిషి. ఒక్కోసారి ఎవరైనా పొరబడతారు. కానీ రిఫరీవి నువ్వు. అంపైర్లని ఎంచుకునేది నువ్వు, నీ కారులో ఎక్కించుకొచ్చేది నువ్వు, వాళ్ళ మాట కాదనే హక్కున్నదీ నీకే. మామగారి మాట కాదంటే రాత్రికి బంగాళాదుంపలు పెట్టరని భయపడ్డావు. ఇల్లరికం ఉన్నవాడి చేతికి ఈల ఇస్తే ఇలాగే ఉంటుంది.

ఇంకో సంగతి. ఈ వారం పత్రికలో ఫొటో చూశావా? బంతి గాల్లో ఉంది. గుంజకి మూరెడు లోపల. భూతద్దం పెట్టి మరీ చూశాను. అందుకని నేను క్షమాపణ రాయను, అప్పీలు చేస్తాను. స్కోరు మారదని నాకు తెలుసు. నా మీద నిషేధం పోతే చాలు. ఈ ఒక్క మ్యాచ్ పోయినా ఈ కుర్రాళ్ళు ఈసారి ఫైనల్‌కి వెళ్తారు, రాసిపెట్టుకో. నేను ఆడిన రోజుల్లో ఒక్కసారి వెళ్ళాం, ఓడిపోయాం. అప్పటినుంచీ ఆ గీత దగ్గర నిలబడాలని ఎదురుచూస్తున్నాను.

చెల్లిని అడిగినట్టు చెప్పు. టోపీ వెనక్కి పంపు.

కోల్మన్

*

బాలిక్రీన్,
జూన్ మొదటి వారం.

బావా,

నీ క్షమాపణ చదివి ఎత్నా టీ కప్పు ఒలకబోసుకుంది. దిద్ది వెనక్కి పంపుతున్నాను. 'తగలనందుకు' కొట్టేసి 'విసిరినందుకు' అని రాయాలి. గురి గురించిన వాక్యం మొత్తం తీసెయ్యాలి. చేతిరాత బాగుంది, అందుకు రెండు మార్కులు.

టోపీ పంపను. అది నా బందీ.

నువ్వు కోచ్‌వి కాబట్టి నీకు తెలియదు, మా వైపునుంచి చూస్తే మీరు ఎన్ని రకాలో. నాక్‌బేగ్ కోచ్ నియమాల పుస్తకం బట్టీపట్టి వచ్చి అప్పజెబుతాడు. అతన్ని 'మళ్ళీ మొదట్నుంచి చెప్పండి' అంటాను. రెండోసారికి సగంలోనే మరిచిపోతాడు. పెద్ద మిల్లు ఊరి కోచ్ ఏడుస్తాడు. అతనికి రుమాలు ఇస్తాను. ముక్కు మీద ముక్కు ఆనించి అరిచేవాళ్ళు వస్తే మెల్లగా చుట్టూ తిరిగి సూర్యుడు నా వీపు వైపు ఉండేలా నిలబడతాను. ఎండ కళ్ళల్లో పడుతుంటే మనిషి ఎక్కువసేపు కోప్పడలేడు. మన దేశంలో అది ఏడాదికి నాలుగు రోజులే పనికొస్తుందనుకో.

పోయినేడు ఒకాయన పిడికిలి ఎత్తుకుని వచ్చాడు. 'మీ ఎర్రావు ఈనిందా?' అన్నాను. చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. 'కవలలు' అన్నాడు. రెండూ పెయ్యలేనట. వాటి గురించి చెప్పి, చెయ్యి దించి, వెళ్ళిపోయాడు. వాళ్ళ గోల్ ఎందుకు ఇవ్వలేదో అడగడం మరిచిపోయాడు. నీకు ఆవు లేకపోవడమే నా దురదృష్టం.

అప్పీలు సంగతి. వద్దు బావా. ఒక్క క్షమాపణతో పోయేదానికి అంత దూరం ఎందుకు? బోర్డు వాళ్ళు నన్నూ, నలుగురు అంపైర్లనీ పిలుస్తారు. పశువుల సంత రోజున పెడతారు. నాకు తీరిక ఉండదు. చక్కగా రెండు ముక్కలు రాసి పడెయ్యి.

మామయ్య బాగానే ఉన్నాడు. నీ ఉత్తరం వచ్చినప్పుడు బల్ల మీదే ఉంది, ఆయన పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు. భయపడకు, చూడలేదు.

ఫిన్టన్

*

కిల్‌మోరన్,
జూన్, పరీక్ష పేపర్ల గుట్ట ముందు కూర్చుని.

బావా,

రెండో ప్రతి ఇదిగో. 'టోపీ విసిరినందుకు చింతిస్తున్నాను. అది కొత్త టోపీ.'

ఇది కూడా నచ్చదని తెలుసు. అందుకే అప్పీలు కాగితం నింపి, ఫొటో జతచేసి, పోయిన సోమవారమే పంపించాను. జూలైలో విచారణ. మన పల్లెల్లో రిఫరీకీ కోచ్‌కీ చుట్టరికం లేని మ్యాచ్ ఎక్కడైనా ఉందా? అందుకని నువ్వు నా బావవని బోర్డు ఏమీ మొహమాటపడదు. నాన్నని పిలిస్తే పిలవనీ. ఆయన అంపైర్ల తెల్లకోటు వేసుకుని వచ్చి, ఇద్దరు మెంబర్లని నమిలి మింగి, ఇంటికొచ్చి ఆ కథ క్రిస్మస్ దాకా చెబుతాడు.

సంత రోజని సాకు చెప్పావు. బావా, సంతకి నువ్వు ఎప్పుడు వెళ్ళావు? ఆవుల బేరం నాన్నది కదా. చిన్నప్పటినుంచీ నిన్ను ఎరుగుదును. నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు వాక్యాలు చిన్నవైపోతాయి.

ఇంకోటి కూడా రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. ఉత్తరం బల్ల మీద ఉంటే నాన్న చూడలేదన్నావు. మన ఇంట్లో ఉత్తరం ఎవరి పేరు మీద వచ్చినా ముందు విప్పేది ఆయనే కదా? నేను ఫాదరీ చదువు మానేసి సెమినరీ వదిలేస్తున్నానని అమ్మకి రాసింది ఆయన చదివే కదా పెద్ద గొడవైంది? ఎత్నాకి నువ్వు రాసిన ప్రేమలేఖలన్నీ అక్షర దోషాలు దిద్ది మరీ కూతురి చేతికిచ్చాడు కదా? అలాంటి మనిషి కవరు పక్కన కూర్చుని టీ తాగాడా?

ఎప్పటినుంచి మానేశాడు?

కోల్మన్

*

బాలిక్రీన్,
జూన్ చివర.

బావా,

అప్పీలు వెనక్కి తీసుకో. నీ రెండో ప్రతి మీదే సంతకం చేస్తాను. కావాలంటే మొదటి ప్రతి మీదే చేస్తాను. ఫైనల్‌కి నువ్వు గీత దగ్గర ఉంటావు.

కారణం అడగకు.

ఫిన్టన్

*

కిల్‌మోరన్,
అదే వారం.

ఫిన్టన్,

మళ్ళీ చిన్న వాక్యాలు.

అడగను. నేనే చెబుతాను. నాన్నకి కళ్ళు కనిపించడం లేదు.

ఈస్టర్‌కి వచ్చినప్పుడు పత్రిక ఎత్నా చేత చదివించుకున్నాడు. కళ్ళద్దాలు ఎక్కడో పెట్టానన్నాడు. నా ప్లేటులో బేకన్ ముక్క వెయ్యబోయి బల్ల మీద వేశాడు. అందరం నవ్వాం. తను కూడా నవ్వాడు. నేను ఎంత మొద్దుని! పిల్లలు పరీక్షలో కాపీ కొడితే వాళ్ళ వీపు చూసి చెప్పగలను. నా తండ్రి మొహం చూసి చెప్పలేకపోయాను.

నీకు ఎప్పటినుంచి తెలుసు? తెలిసీ ఆయనకి తెల్లకోటు తొడిగి, కారెక్కించి, నా కుర్రాళ్ళ మ్యాచ్‌లో ఆ గుంజ దగ్గర నిలబెట్టావా? చెల్లి కూడా నాకు ఒక్క ముక్క చెప్పలేదా? నేను ఆ ఇంటి కొడుకునా, లేక ఎప్పుడో ఒకసారి వచ్చి టీ తాగి పోయే చుట్టాన్నా?

ఈసారి హాస్యాలాడకు. ఎర్రావు గురించి అడగకు.

కోల్మన్

*

బాలిక్రీన్,
జూలై, పచ్చగడ్డి కోతలు అయ్యాక.

బావా,

ఆడను.

పోయిన చలికాలంలో మొదలైంది. చూపుకి నడిమధ్యన మసక. అంచుల్లో మాత్రం కనిపిస్తుందట. పట్నం డాక్టరుకి చూపించాం. ఇది ఆగదు, బాగుపడదు అన్నాడు. తిరిగొస్తుంటే కారులో మామయ్య ఒకటే మాట అన్నాడు. "కోల్మన్‌కి చెప్పారంటే మీ ఇద్దరితో మాట్లాడను. వాడు నన్ను ఊరూరా డాక్టర్ల చుట్టూ తిప్పుతాడు. ముందు నా కోటు లాక్కుంటాడు." ఎత్నా ఒట్టు వేసింది. నేను వెయ్యలేదు గానీ, నోరు మూసుకున్నాను. అది ఒట్టుతో సమానమే.

మార్చిలో ఒక మ్యాచ్‌లో గుంజల మధ్యనుంచి ఒక తెల్లటి సముద్రపు కాకి ఎగిరి పోయింది. మామయ్య ఠీవిగా తెల్లజెండా ఎత్తాడు. బంతి అప్పటికి మైదానం అవతలి కొసన ఉంది. నేను పరుగెత్తుకెళ్ళి 'జెండా దులుపుతున్నాడు' అని రెండు వైపులా సర్దిచెప్పాను. కారులో ఇంటికొస్తూ అందరం కడుపుబ్బ నవ్వాం. ఇల్లు చేరాక ఆయన కోటు విప్పుకోకుండా కుర్చీలో చాలాసేపు కూర్చున్నాడు. అత్తయ్య పోయాక ఆయన శనివారం రాత్రి చేసే పని ఒక్కటే: ఆ కోటు ఇస్త్రీ చేసుకోవడం. అది మానెయ్యమని నేను ఎలా చెప్పను? ఇల్లరికపు అల్లుడిని కదా, ఆ మాట కూడా నువ్వే అన్నావు.

అందుకని నా ఇంకో అంపైర్ జిమ్సీని రెండో గుంజ దగ్గర పెట్టాను. ఇద్దరు అంపైర్లూ ఒకరినొకరు చూసుకునే కదా జెండా ఎత్తేది. జిమ్సీ నోటితో చెబుతాడు, మామయ్య ఎత్తుతాడు. బాగానే సాగింది. ఆ ఆదివారం ఆఖరి నిమిషంలో మాత్రం జిమ్సీ గోల్ వెనక ముళ్ళపొదల్లో అంతకుముందు పోయిన బంతి వెతుకుతున్నాడు. నేను ఆటగాళ్ళ గుంపు వెనక ఉన్నాను, నాకు కనిపించలేదు. మామయ్య చేతులు ఊపాడు. దేన్ని బట్టి ఊపాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం లేకపోయింది.

విచారణలో ఏం జరుగుతుందో నువ్వే ఊహించుకో. బోర్డు వాళ్ళు నీ ఫొటో ఆయన చేతిలో పెట్టి, 'ఇందులో బంతి ఎక్కడుందో చూపించండి' అంటారు. అంతమంది ముందు ఆయన ఆ కాగితాన్ని పట్టుకుని కూర్చుంటాడు. నా భయమంతా అదే. మ్యాచ్ కాదు, నా ఈల కాదు.

నీ పిల్లలకి అన్యాయం జరిగింది. అది నిజం. బోర్డుకి ఉత్తరం రాసి పెట్టాను: తప్పు నాది, నేనే ఆయన్ని అక్కడ నిలబెట్టాను, రిఫరీ పని మానేస్తున్నాను అని. ఇంకా పంపలేదు. నీ మాట విన్నాక పంపుతాను.

వచ్చే ఆదివారం మేమిద్దరం మా అమ్మని చూడటానికి వెళ్తున్నాం. మామయ్య ఒక్కడే ఉంటాడు. నువ్వు వచ్చి ఆయనతోనే మాట్లాడు. నా వల్ల కాలేదు.

ఫిన్టన్

*

కిల్‌మోరన్,
జూలై, సోమవారం పొద్దున్న.

బావా,

వెళ్ళాను. మీరు రాకముందే బస్సు ఎక్కి వచ్చేశాను. ఎందుకంటే మొహం అంతా ఉబ్బిపోయి ఉంది, చెల్లి చూస్తే హడలిపోయేది.

నాన్న వంటింట్లో బంగాళాదుంపలు తొక్క తీస్తున్నాడు. రేడియోలో మ్యాచ్ వస్తోంది. వెనక్కి తిరగకుండానే అన్నాడు: "తలుపు అంత గట్టిగా వేసేవాడు ఈ ఇంట్లో ఒక్కడే. కూర్చోరా. ఫిన్టన్ చెప్పాడా?"

"చెప్పలేదు. నేనే కనుక్కున్నాను."

"చాలా రోజులు పట్టిందే. బడి పంతులువి కూడాను."

నేనూ ఒక చాకు తీసుకుని తొక్క తియ్యడం మొదలుపెట్టాను. ఆయన తీసిన తొక్కలు నావాటికన్నా పల్చగా ఉన్నాయి. వేలితోనే చూసుకుంటున్నాడు. ఒక దుంప అయ్యాక అడిగాడు.

"ఆ బంతి లోపలే పోయిందిట్రా?"

"పోయింది నాన్నా."

"ఎంత లోపల?"

"మూరెడు."

చాకు బల్ల మీద పెట్టాడు. రేడియో కట్టేశాడు. నాకు అక్కడి నుంచి లేచి పారిపోవాలనిపించింది. ఆయన బాధపడతాడు, ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలి అనుకుంటున్నాను. ఆయన నామీద ఒంటికాలి మీద లేచాడు.

"మరి నువ్వెందుకు అరవలేదురా?"

"ఏమిటి?"

"ఎందుకు అరవలేదని అడుగుతున్నాను! పుట్టినప్పటినుంచీ నీ నోరు నేను ఎరగనా? మంత్రసాని కూడా చెవులు మూసుకుంది. నీవాళ్ళు పాయింట్ కొడితే జెండా కంటే ముందు నీ కేక వస్తుంది, మూడు ఊళ్ళకి వినిపిస్తుంది. ఆ రోజు జిమ్సీ ముళ్ళల్లో దూరాడు. గోల్ వెనక ఉన్నదంతా నాక్‌బేగ్ జనం, బయటికి పోయిందని ఒకటే గోల. వాళ్ళ మాట నేను నమ్ముతానా? నీ కోసం ఆగాను. చెవులు రిక్కించుకుని ఆగాను. కేక లేదు. సరే, మావాడు అరవలేదంటే పోలేదన్నమాటే, అనుకుని చేతులు ఊపాను."

బావా, నేను ఆ టోపీని కొరుక్కుంటూ అక్కడ నిలబడి ఉన్నాను. నీకిచ్చిన మాట కోసం. జీవితంలో ఒక్కసారి రిఫరీ చెప్పినట్టు విన్నాను. నా తండ్రికి నా గొంతు కావలసిన నిమిషంలోనే.

ఆ సంగతి ఆయనతో చెప్పాను. ముందు అర్థం కాలేదు. తర్వాత, "నోట్లో టోపీ కుక్కుకున్నావా?" అన్నాడు. మళ్ళీ అడిగాడు, "నిజంగా?" ఇక నవ్వడం మొదలుపెట్టాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ నాకు ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి నా తల మీద పడింది. "ఇక్కడ జుట్టు ఉండేది కదరా" అన్నాడు. అది కూడా ఎవరూ చెప్పలేదట ఆయనకి.

బస్సు వేళకి గేటు దాకా వచ్చాడు. "ఇక ఒక్క మ్యాచ్ నిలబడతాను. ఆ తర్వాత కోటు నేనే విప్పేస్తాను. ఎవరూ లాక్కోనక్కర్లేదు" అన్నాడు. నేను లాక్కుంటానని ఎందుకు అనుకున్నాడని అడగలేదు. అడిగితే నిజమే చెబుతాడు.

అప్పీలు ఇవాళ పొద్దున్నే వెనక్కి తీసుకున్నాను. విచారణ లేదు, ఫొటో లేదు, ఆయన్ని ఎవరూ పిలవరు. అయితే అప్పీలు చేసి మానుకున్నవాడికి క్షమాపణ అవకాశం కూడా పోతుందట, బోర్డు గుమాస్తా చల్లగా చెప్పాడు. ఈ ఏడాదికి నాకు గీత లేదు. పోనీలే. నా కుర్రాళ్ళకి అన్యాయం చేసింది నువ్వు ఒక్కడివే కాదు, అందులో నాకూ భాగం ఉంది. నిన్న సాయంత్రం వాళ్ళని కూర్చోబెట్టి, బంతి లోపలే పోయింది, ఆ రోజు అరవాల్సినవాణ్ణి నేను, అరవలేదు అని చెప్పాను. వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు. 'మీరు అరవలేదా సార్?' అని మాత్రం ఆశ్చర్యపోయారు.

నువ్వు బోర్డుకి రాసిన ఉత్తరం పొయ్యిలో వెయ్యి. ఈల నీ దగ్గరే ఉంచుకో. నీలాంటి రిఫరీ పోతే మేము ఎవరిమీద అరవాలి?

మూడో ప్రతి ఇది. ఇక అవసరం లేదు గానీ రాస్తున్నాను. బావా, నీ మీద టోపీ విసిరాను. క్షమించు. మా నాన్నని నువ్వు నాకంటే బాగా చూసుకున్నావు.

కోల్మన్

*

బాలిక్రీన్,
సెప్టెంబరు, ఫైనల్ అయిన మర్నాడు.

గెలిచిన బావకు,

మూడో ప్రతికి పదికి పది. దిద్దడానికి ఏమీ దొరకలేదు. ఎత్నా దాన్ని చదివి వినిపించింది, మామయ్య మళ్ళీ చదవమన్నాడు. రెండోసారి సగంలో ఆమె కాగితం నా చేతిలో పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. మిగతాది నేను చదివాను.

నువ్వు లేకుండానే నీవాళ్ళు కప్పు కొట్టారు. ఇందులో ఏదో నీతి ఉంది గానీ, నేను చెప్పను. నిన్ను మైదానంలోకి రానివ్వకూడదని బోర్డు రాసింది గానీ, గోడ బయట ఎండుగడ్డి బండి ఎక్కకూడదని రాయలేదు. అక్కడి నుంచి నువ్వు వేసిన కేకలు అవతలి ఊరి చర్చి దాకా వినిపించాయట. నిన్నటి రిఫరీ నా పక్కకొచ్చి, "గోడవతల బండి మీద ఆ మనిషి ఎవరు? అతని మీద రిపోర్టు రాయాలా?" అని అడిగాడు. "ఆయన గడ్డి అమ్ముకుంటున్నాడు" అన్నాను. మామయ్య నా పక్కనే నిలబడి ఉన్నాడు. ప్రతి కేకకీ నన్ను మోచేత్తో పొడిచి, "అది పాయింట్" అని చెప్పాడు, నాకంటే ముందే. ఆఖరి ఈల మోగాక మాత్రం ముక్కు చీదుకున్నాడు. జలుబని చెప్పాడు.

ఇక అసలు సంగతి. వచ్చే ఆదివారం మన ఊరి పాత ఆటగాళ్ళకీ నాక్‌బేగ్ పాత ఆటగాళ్ళకీ మ్యాచ్ ఉంది, చర్చి పైకప్పు చందా కోసం. బోర్డుకి దాంతో సంబంధం లేదు, నీ నిషేధానికీ లేదు. రిఫరీని నేను. మామయ్య తన గుంజ దగ్గర నిలబడతాడు, ఆఖరిసారి. నాక్‌బేగ్ వాళ్ళకీ ఆయన కళ్ళ సంగతి చెప్పాను. వాళ్ళ కోచ్ నియమాల పుస్తకం తియ్యలేదు. "చూసేది ఎవరు మరి?" అని అడిగాడంతే. జిమ్సీ తన కోటు ఇస్తానన్నాడు. ముళ్ళపొద తర్వాత తన పరువు ఎలాగూ పోయిందంటున్నాడు. రెండో గుంజ నీది. చూడటం నీ పని, జెండా ఎత్తడం ఆయన పని.

కోటు నీకు కాస్త బిగువు. ఎత్నా పక్కలు విప్పి కుడుతోంది. శనివారం రాత్రి రెండు కోట్లూ తనే ఇస్త్రీ చేస్తానని మామయ్య పట్టుబట్టాడు. నీ టోపీ కుడి జేబులో ఉంటుంది. బందీని విడుదల చేస్తున్నాను.

అంపైర్‌గా నీ దగ్గరికి కోచ్‌లు వస్తారు, నీలాంటివాళ్ళే. ముక్కు మీద ముక్కు ఆనించి అరుస్తారు. సూర్యుడు వీపు వెనక ఉండేలా చూసుకో, లేకపోతే ఆవుల గురించి అడుగు. అంతకుమించి నేను నేర్పేదేమీ లేదు.

ఒక్కటే షరతు. రిఫరీగా చెబుతున్నాను, జాగ్రత్తగా విను. టోపీ జేబులోనే ఉండాలి, నోట్లో కాదు. బంతి లోపల పోయిన మరుక్షణం నీ కేక వినపడాలి, మూడు ఊళ్ళకీ. ఈసారి నోరు మూసుకున్నావంటే మైదానం బయటికి పంపిస్తాను.

నీ బావ,
ఫిన్టన్